వైద్యశిక్షణమున తెలుగు: బసవరాజీయ పరామర్శము

ఆంధ్రవాఙ్మయ చరిత్రకారులు కావ్యప్రబంధముల కొసగిన స్థానమును శాస్త్రగ్రంథముల కొసగలేదు. వ్యాకరణము, ఛందస్సు, అలంకారశాస్త్రము కవిత్వమునకు పరికరములు గావున వానిపై విమర్శ విరివిగా సాగినది. పావులూరి గణితము తన ప్రాచీనతచేత గణనకెక్కినది. వైద్యగ్రంథములకు మాత్రము రెండువైపులను ఆదరము కొరవడినది. ఇవి వైద్యుల సొత్తని సాహిత్యవిమర్శకులు విడిచిరి. ఇవి తెలుగు పొత్తములేగాని మూలసంహితలు కావని వైద్యవిద్యాలయములవారు విడిచిరి. ఇట్లు ఇరువురు దాయాదుల నడుమ బీడుపడిన పొలమువలె ఈ వాఙ్మయము నిలిచియున్నది.

వైద్యుని తయారుచేయుటలో ఈ గ్రంథములు నిర్వహించిన పని యేమి? ఆ పని నేటి శిక్షణమున ఎవరు నిర్వహించుచున్నారు? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. మా ప్రతిపాదన సంగ్రహముగా నిది: బసవరాజీయాది గ్రంథములలో తెలుగు కేవలము సంస్కృతము రానివారికై చేసిన సౌకర్యము కాదు, అది శిక్షణపద్ధతిలో ఒక భాగము. దానిని తొలగించినచో వైద్యుని చదువులో ఒక మెట్టు విరిగినట్లే యగును.

1. ప్రాచీనుల శిక్షణాదర్శము

వైద్యవిద్య యెట్లు గరపవలయునో సంహితాకారులు విపులముగా చెప్పిరి. చరకసంహిత విమానస్థానమున ఎనిమిదవ అధ్యాయము దాదాపు ఒక విద్యాశాస్త్రమే. శిష్యుడు మొదట గ్రంథమును పరీక్షింపవలయును, పిమ్మట ఆచార్యుని పరీక్షింపవలయును. ఆచార్యుడును శిష్యుని పరీక్షించియే చేకొనవలయును. అధ్యయనము, అధ్యాపనము, తద్విద్యులతోడి సంభాషణము అను మూడును జ్ఞానోపాయములుగా అచట నిరూపితములు. సంభాషణము మరల రెండువిధములు: స్నేహభావముతో జరుగునది, జయాపేక్షతో జరుగునది.

సుశ్రుతుడు ఇంకను క్రియాపరుడు. ఆతని సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయము హస్తకౌశలమునకై ఏర్పడినది. గుమ్మడి, సొర, దోస మున్నగు కాయలపై కోతను, రోమములు గల చర్మముపై గీకుటను, తామరతూండ్లపై సిరావేధమును, పురుగు తొలిచిన కొయ్యపై శలాకాప్రయోగమును, వస్త్రముతో చేసిన బొమ్మలపై కట్టులు కట్టుటను శిష్యుడు అభ్యసింపవలయును. శాస్త్రము మాత్రమే యెరిగి క్రియ యెరుగనివాడు రోగిసన్నిధిని యుద్ధరంగమున భీరువువలె తత్తరపడునని, క్రియ మాత్రమే యెరిగి శాస్త్ర మెరుగనివాడు సజ్జనుల మన్నన పొందడని, వీరిరువురును ఒంటిరెక్క పక్షుల వంటివారని ఆతని నిర్ణయము.

ఈ రెండు రెక్కలకు నడుమ మూడవది యొకటి కలదు. దానిని ఇరువురాచార్యులును గుర్తించిరి. ఓషధుల నామరూపములు మేకలకాపరులకు, గొఱ్ఱెలకాపరులకు, వనచరులకు తెలియునని చరకుడును, గోపాలురను, తాపసులను, వ్యాధులను అడిగి తెలిసికొనవలయునని సుశ్రుతుడును చెప్పిరి. నామరూపజ్ఞానముతోనే వైద్యుడు కాజాలడని చరకుడు వెంటనే హెచ్చరించినమాట నిజమే. ఐనను, ఆ కాపరి ఏ భాషలో పలుకును? సంస్కృతమున కాదు. వానినుండి నేర్వవలసిన వైద్యునకు దేశభాష శాస్త్రాంగమే యగుచున్నది. మూలసంహితలే ఈ ద్వారమును తెరచియుంచినవి. మన ప్రాంతపు గ్రంథకర్తలు ఆ ద్వారమున ప్రవేశించిరి.

2. బసవరాజీయపు నిర్మాణము

కోట్టూరు బసవరాజు రచించిన బసవరాజీయము 25 ప్రకరణముల గ్రంథము. తెలుగుదేశమున వైద్యవృత్తిలోనున్న కుటుంబములకు ఇది యింటి పుస్తకము. గోదావరీమండలములందును ఇంద్రకంటి వల్లభాచార్యుని వైద్యచింతామణితోపాటు దీనికి విశేషవ్యాప్తి. ఇందు సంస్కృతాంధ్రములు రెండును ఒకే గ్రంథమున కలసి నడచును. గ్రంథకర్త తాను గ్రహించిన పూర్వగ్రంథములను పేర్కొనుచు, మాధవనిదానము, నిత్యనాథీయము మున్నగువానినుండి సారమును సమకూర్చినాడు. స్వతంత్రసిద్ధాంతమును స్థాపించుట ఆతని యుద్దేశము కాదు. చికిత్సకు కూర్చున్న వైద్యునకు చేతికందునట్లు పూర్వుల యనుభవమును అమర్చుటయే ఆతని యుద్దేశము.

ఈ ద్విభాషానిర్మాణమును కొందరు శైథిల్యముగా భావింతురు. సంస్కృతమున సాగుచున్న గ్రంథములో తెలుగు చొచ్చుట పాండిత్యలోప మని వారి తలపు. మేము దీని కంగీకరింపము. గురుముఖమున పాఠము నడచు రీతిని గమనించినచో ఈ నిర్మాణపు హేతువు తేటపడును. శిష్యుడు శ్లోకమును వల్లించును. శ్లోకము ఛందోబద్ధము గావున ఓషధి యొకటి జారినను నడక కుంటుపడి లోపము బయటపడును. కావున శ్లోకము జ్ఞాపకమునకు కావలి. కాని శ్లోకము మందు నూరజాలదు. ఏ ఆకు, ఏ వేరు, ఎంత, ఎట్లు, దేనితో, ఎన్నిదినములు అను ప్రశ్నలు తలయెత్తగనే గురువు తెలుగులో పలుకును. గ్రంథమున శ్లోకముప్రక్క తెలుగు నిలుచుట పాఠశాలలోని ఈ సన్నివేశమును పత్రముపై నిలుపుట యే. సంస్కృతము ప్రమాణమును, తెలుగు ప్రయోగమును వహించినవి. సుశ్రుతుని రెండు రెక్కలును ఇచట రెండు భాషలైనవి.

ఈ గ్రంథము పండిత గోవర్ధనశర్మ ఛాంగాణిగారి పరిష్కరణముతో 1930లో నాగపురమునుండి నాగరలిపిలో వెలువడి ఉత్తరదేశీయుల యాదరమును పొందినది. 1940 నాటి ఔషధచట్టమునకు చేర్చిన మొదటి పట్టికలో ఆయుర్వేదమునకు ప్రమాణములుగా పేర్కొన్న గ్రంథములలో బసవరాజీయము, వైద్యచింతామణి రెండును కలవు. అనగా నేడు భారతదేశమున ఎచటనైనను ఈ గ్రంథముల యోగమును ఆధారముగా చూపి ఔషధమును తయారుచేయవచ్చును. ఔషధనిర్మాతకు ప్రమాణమైన పొత్తము తెలుగుశాఖకు పరిశోధనాంశము కాకపోవుట మనము యోచింపదగిన విషయము.

3. ఉపమానములు: అలంకారములా, కొలతలా?

సాహిత్యవిమర్శకుడు ఈ గ్రంథములందు ఏమి చూడగలడను ప్రశ్నకు నాడీపరీక్షయే చక్కని సమాధానము. వాతము ప్రకోపించినపుడు నాడి జలగవలెను, పామువలెను నడచుననియు, పిత్తమున కాకివలెను, కప్పవలెను నడచుననియు, కఫమున హంసవలెను, పావురమువలెను నడచుననియు శార్ఙ్గధరసంహిత చెప్పుచున్నది. ఈ సంప్రదాయమే మన గ్రంథములందును నెలకొన్నది. కావ్యమున హంసగమనము వర్ణనము. ఇచట హంసగమనము కొలత. మూడువ్రేళ్ల క్రింద కదలు రక్తపు నడకను మాటలతో తెలుపుటకు ఘడియారమువంటి పరికరములు లేని కాలమున ఇంతకంటె నిశితమైన సాధనము లేదు. వేగమును మాత్రమే గాక నడక తీరునుగూడ ఈ యుపమానము పట్టియిచ్చును: జలగ సాగి ముడుచుకొనును, కప్ప ఆగి యెగురును, హంస మెల్లగా తూగుచు సాగును.

ఐతే ఈ కొలత పనిచేయుటకు శిష్యుడు జలగను చూచియుండవలయును. ధవళేశ్వరపు ఆనకట్ట 1847-1852 నడుమ నిర్మితమైనది మొదలు కాలువలు పారు ఈ డెల్టాసీమలో, ఊడ్పులచేలలో దిగిన బాలునకు జలగ నడక నేర్పనక్కరలేదు. కాలికి పట్టిన జలగయే వానికి గురువు. అట్టి బాలుడు నాడీశాస్త్రమును చదువునపుడు పుస్తకములోని మాట వాని వ్రేలికొనకు తిన్నగా దిగును. ఆ యనుభవము లేని విద్యార్థికి అదే మాట పరీక్షలో వ్రాయవలసిన పట్టికగా మిగులును. ఉపమానము అనుభవసాపేక్షమను ఆలంకారికుల మాట ఇచట రోగి ప్రాణముతో ముడిపడియున్నది.

4. ద్రవ్యనామములు

దేశభాష చేసిన గొప్ప యుపకారము ద్రవ్యనిర్ణయమున కనబడును. సంస్కృతనామ మొకటియే యైనను దేశమును బట్టి దానిక్రింద వేర్వేరు ఓషధులు చేరినవి. వీనినే సందిగ్ధద్రవ్యములందురు. మూడు ఉదాహరణములు చాలును.

మొదటిది రాస్న. ఉత్తరదేశమున ప్లూకియా లాన్సియోలేటా అను మొక్క ఆకులను రాస్నగా వాడుదురు. తెలుగువారు వాడునది దుంపరాష్ట్రము. అనగా ఆల్పీనియా జాతి దుంప. ‘రాష్ట్రము’ అను మాట ‘రాస్న’కు వికృతియని స్పష్టము. దానికి ముందు చేరిన ‘దుంప’ అను తెలుగుమాట ఏ భాగమును గ్రహింపవలయునో చెప్పుచున్నది. వాతరోగములలో విరివిగా వాడు రాస్నాది యోగములను మన పూర్వగ్రంథమునుండి తీసికొని, మొక్కను మాత్రము ఉత్తరదేశపు నిఘంటువునుండి తీసికొన్నచో, గ్రంథకర్త యనుభవ మొకటి, మన మందు వేరొకటి యగును.

రెండవది పునర్నవ. తెలుగున గలిజేరు, అటికమామిడి అను రెండు పేర్లు వాడుకలోనున్నవి. గలిజేరు ట్రయాంథీమా, అటికమామిడి బోయర్‌హావియా. రెండును నేలపై ప్రాకును, రెండును కూరకు వచ్చును, రెండింటిని పునర్నవయని అమ్ముదురు. కూర వండు స్త్రీకి ఈ భేదము తెలియును. సంస్కృతనామమును మాత్రమే చదివిన పట్టభద్రునకు తెలియకపోవచ్చును.

మూడవది బ్రాహ్మి. మన యిండ్లలో బాలలకు పెట్టు సరస్వతీఆకు సెంటెల్లా. నీటిగట్లపై ప్రాకు నీరుబ్రహ్మి బకోపా. ఆయుర్వేద ఫార్మకోపియా బకోపాను బ్రాహ్మిగను, సెంటెల్లాను మండూకపర్ణిగను విడదీసినది. తెలుగు ఈ రెండింటిని వేర్వేరు పేర్లతోనే పిలుచుచున్నది.

పల్లేరులో చిరుపల్లేరు, ఏనుగుపల్లేరు అను భేదమును ఇట్టిదే. తెలుగు సమాసమున పూర్వపదము ఇచట వ్యావర్తకము. అనగా పోలికగల ద్రవ్యమునుండి వేరుచేయునది. దుంప, చిరు, ఏనుగు, నీరు, తెల్ల, ఎఱ్ఱ అను చిన్నమాటలలో తరతరముల పరీక్ష దాగియున్నది. వస్తుగుణదీపికవంటి ఆధునికకాలపు గ్రంథములు తెలుగుపేళ్ల నాశ్రయించి వెలువడుటకు కారణ మిదియే. ఇవి పదశాస్త్రజ్ఞుడు తేల్చవలసిన విషయములు. వైద్యు డొక్కడే తేల్చజాలడు.

5. పాఠదోషము, మోతాదు

పూర్వపద్ధతిని ఇంతగా ప్రశంసించినంతమాత్రమున దాని లోపములను మరుగుపరచుట విమర్శకధర్మము కాదు. గురుకులశిక్షణమున రహస్యము మితిమీరినది. సిద్ధయోగమును కుమారునకుగాని చెప్పని తండ్రులు, కుమారునకైనను చెప్పక గతించిన తండ్రులును గలరు. శవపరీక్షను సుశ్రుతుడు విధించియుండగా మధ్యకాలమున అది అంతరించినది. కులనియమములు విద్యార్థుల సంఖ్యను కుదించినవి. ప్రసవచికిత్స చేయు మంత్రసానికి శాస్త్రము చెప్పినవాడు లేడు. పరీక్షాధికారి లేకపోవుటచే అర్హుడును అనర్హుడును ఒకే గద్దెపై కూర్చుండిరి. వైద్యుడు రాజానుజ్ఞతో వృత్తిని ప్రారంభింపవలయునని సుశ్రుతుడు చెప్పినమాట ఆచరణలో నిలువలేదు.

వీనికంటెను భయంకరమైనది పాఠదోషము. తాటాకు ప్రతులలో పరిమాణములు తెలుగు భిన్నసంకేతములతో వ్రాయబడును. వీసము పదునారవ వంతు; కాని అరువది నాలుగవ వంతు. కానిని వీసముగా చదివినచో మోతాదు నాలుగింతలగును. కావ్యమున పాఠదోషము రసభంగము. పాదరసము, పాషాణము చేరిన యోగమున అదే పాఠదోషము ప్రాణభంగము. శార్ఙ్గధరుడు కళింగమానము, మాగధమానము అని రెండు కొలతలను చెప్పియున్నాడు. ఏ గ్రంథము ఏ మానమును పాటించినదో తెలియక తూచుట కండ్లుమూసికొని తూచుటయే. పచ్చిద్రవ్యమును ఎండుద్రవ్యమునకు రెండింతలు గ్రహింపవలయునని సామాన్యనియమము. కాని తిప్పతీగ, కొడిసెపాల, అడ్డసరము మున్నగునవి ఎల్లప్పుడును పచ్చివే గ్రహింపదగినవి గావున వానికి ద్వైగుణ్యము లేదు. ఇట్టి యపవాదములు గ్రంథమున ఒక పాదమున నుండును. లేఖకుడు ఆ పాదమును జారవిడిచినచో తరువాతి తరములకు తెలియుట యెట్లు?

కావున పాఠపరిష్కరణము పండితుల వినోదము కాదు. ద్రవ్యశుద్ధికి పాఠశుద్ధి మొదటి మెట్టు. భారతభాగవతముల ప్రతులకు మనము చేసిన సేవలో పదవవంతైనను బసవరాజీయపు ప్రతులకు చేసియుండలేదు.

6. కళాశాలాయుగము

గురుకులమునుండి కళాశాలకు వైద్యవిద్య మారుటలో ఆంధ్రులు అగ్రగాములు. పండిత దీవి గోపాలాచార్యులు ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో మద్రాసున ఆయుర్వేద కళాశాలను నడపి, 1920లో గతించువరకు అధ్యాపనమును ఔషధనిర్మాణమును జంటగా సాగించిరి. తాడేపల్లిగూడెము ప్రాంతమున మాధవరమున 1880లో జన్మించిన డాక్టరు ఆచంట లక్ష్మీపతి పాశ్చాత్యవైద్యమున పట్టము పొందియు, గోపాలాచార్యులవారి శిష్యుడై ఆయుర్వేదమును చేపట్టి, అనంతరము ఆ కళాశాలకు ప్రధానాచార్యుడైనాడు. విజేతవలె నిలువక విద్యార్థియై కూర్చున్న పట్టభద్రుడుగా ఆయన మనకు గౌరవనీయుడు.

మా విషయమునకు లక్ష్మీపతిగారి తెలుగు మిక్కిలి ప్రధానము. విజ్ఞానచంద్రికామండలికి ఆయన వ్రాసిన ‘చలిజ్వరము’, ‘కలరా’ అను పొత్తములును, ‘ధన్వంతరి’ పత్రికయును ఒక సూత్రమును పాటించినవి: రోగి యెరిగిన మాటతో మొదలిడుట, శాస్త్రము చెప్పిన మాటకు చేర్చుట. ‘చలిజ్వరము’ అను పేరే దీనికి నిదర్శనము. గ్రామీణుడు దానిని వినగనే తన యనుభవమును గుర్తించును. వైద్యుడు విషమజ్వరప్రకరణమును స్మరించును. బసవరాజీయకారుడు శ్లోకముప్రక్క తెలుగును నిలిపిన నేర్పే ఇచట ఆధునికవేషమున కనబడుచున్నది. 1962లో గతించువరకు ఆయన సాగించిన కృషిలో ఈ భాషాంశము తగినంతగా విమర్శకుల దృష్టికి రాలేదు.

మద్రాసు ప్రభుత్వము 1921లో మహమ్మద్ ఉస్మాన్ గారి యధ్యక్షతను నియమించిన సంఘము 1923లో నివేదిక సమర్పించినది. తత్ఫలితముగా 1925లో మద్రాసున ప్రభుత్వ దేశీయవైద్య పాఠశాల వెలసినది. కెప్టెన్ శ్రీనివాసమూర్తి దానికి ప్రధానాచార్యుడు. ఆయుర్వేద, సిద్ధ, యూనానీ శాస్త్రములతోపాటు ఆధునిక శరీరశాస్త్రమును గరపి ఎల్.ఐ.ఎం. పట్టమిచ్చిరి. రహస్యము తొలగినది, పరీక్ష ఏర్పడినది, శవచ్ఛేదము తిరిగి వచ్చినది. ఇవి సామాన్యలాభములు కావు. కాని మిశ్రశిక్షణమున ఏ పాలు పెరుగునో ఏ పాలు తరుగునో అను సందేహము మొదటినుండియు నున్నది. ఆ పాఠశాల కళాశాలయై, సమ్మిశ్రవైద్య కళాశాలయై, కడకు 1960లో కీల్పాకము వైద్యకళాశాలగా, కేవల పాశ్చాత్యవైద్యమునకు స్థానమైనది. శుద్ధవాదులకును మిశ్రవాదులకును జరిగిన వాదమున ఇరువురును గెలువలేదని ఆ భవనమే చెప్పుచున్నది.

మన ప్రాంతమున విజయవాడలో నోరి రామశాస్త్రిగారి పేర వెలయుచున్న ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల గోదావరీమండలముల విద్యార్థులకు చేరువైనది. ఔషధనిర్మాణమున ఆలమూరు చెంతనున్న చింతలూరు పేరు తెలుగుదేశమంతట వ్యాపించినది.

7. వర్తమానము, కర్తవ్యము

1970 నాటి చట్టము దేశమంతటికి ఒకే ప్రణాళికను తెచ్చినది. 2020 నాటి చట్టముచే ఏర్పడిన జాతీయసంఘము నేడు దానిని నిర్వహించుచున్నది. నాలుగున్నర సంవత్సరముల చదువు, ఒక సంవత్సరపు శిక్షణకాలము. మొదటి భాగమున సంస్కృతమును, ఆయుర్వేదచరిత్రయును పాఠ్యాంశములు. ఈ యేకరూపత అర్హతకు హామీ. దానిని మేము కాదనము. కాని బసవరాజీయమువంటి ప్రాంతీయగ్రంథములకు ఆ ప్రణాళికలో స్వతంత్రమైన పత్రము లేదు. విద్యార్థి ఆచార్యునితో శాస్త్రపరిభాషలో పలుకును. రోగి మాత్రము తెలుగులో పలుకును.

‘వేడి చేసినది’ అని రోగి చెప్పినపుడు విద్యార్థి యేమి గ్రహింపవలయును? ఆ మాట మూత్రపు మంటను చెప్పవచ్చును, నోటిపూతను చెప్పవచ్చును, కన్నుల మంటను చెప్పవచ్చును. ఇది యొక రోగమునకు పేరు కాదు, ఒక హేతువునకు పేరు. పిత్తప్రకోపమునకు తెలుగు రైతు పెట్టుకొన్న మాట. వినగానే ఏ లక్షణమని మరల ప్రశ్నింపనేర్చిన వైద్యుడు ఈ భాషలో శిక్షితుడు. తోచిన యర్థమును వ్రాసికొన్నవాడు అశిక్షితుడు. ‘వాతము చేసినది’, ‘పైత్యము’, ‘గుండెదడ’, ‘కడుపుబ్బరము’ అను మాటలన్నింటికి ఇట్టి విచారము అవసరము.

కర్తవ్యము ఇరువురిది. బసవరాజీయమునకు, వైద్యచింతామణికి, తెలుగుభాగముతోకూడ, లభ్యమగు ప్రతులన్నియు సరిచూచిన పరిష్కరణములు వెలువడవలయును. రాజమహేంద్రవరమున గౌతమీగ్రంథాలయమును, కాకినాడలో ఆంధ్రసాహిత్యపరిషత్తును తాళపత్రములను కాపాడుచు వచ్చినవి. వానియందలి వైద్యగ్రంథముల పరిశీలనము ఈ పనికి మొదటి మెట్టు కాగలదు. పాఠమును తెలుగుశాఖ నిర్ణయింపగా, ద్రవ్యమును, మోతాదును ఆయుర్వేదాచార్యుడు నిర్ణయింపవలయును; ఒకరు లేక రెండవవారు ఈ పనికి పూనుకొనుట సాహసము. సూర్యరాయాంధ్రనిఘంటువునకు జన్మనిచ్చిన సీమలో, పాపికొండలు మొదలు కోనసీమవరకు ఓషధుల వాడుకపేళ్లను సేకరించి, ప్రతిపేరుతో ఎండబెట్టిన మొక్కను జతపరచిన నిఘంటు వొకటి సిద్ధమగుట అసాధ్యము కాదు. పేళ్లు తెలిసిన వృద్ధులు నానాటికి తరుగుచున్నారు గావున దీనికి గడువు స్వల్పము.

గంధపుచెక్కలు మోయు గాడిద బరువు నెరుగును గాని గంధము నెరుగదని సుశ్రుతుడు శాస్త్రార్థ మెరుగని విద్యార్థినిగూర్చి చెప్పినాడు. గ్రంథములను భద్రపరచి చదువక విడిచినవారికిని ఈ మాట చెల్లును. వైద్యచరిత్రకు వెలుపల సాహిత్యముగను, సాహిత్యచరిత్రకు వెలుపల వైద్యముగను త్రోసివేయబడిన ఈ వాఙ్మయమును రెండుశాఖలవారును ఒక బల్లచుట్టు కూర్చుండి చదువుట ప్రారంభించిననాడు మాత్రమే, తెలుగు రోగికి తెలుగు తెలిసిన వైద్యుడు శాస్త్రసమ్మతముగా లభించును.